అమ్మను విమానం ఎక్కించే ముందు: పైలట్ల అలసట గురించి రోస్టర్ రాసినవాడి మాట

నకిరేకల్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అక్క డల్లాస్‌లో ఉంది, డెలివరీ టైమ్‌కి అమ్మ వెళ్లాలి. అమ్మకు అరవై ఒకటి, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. తెల్లవారుజామున 3:40కి శంషాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి డల్లాస్. టికెట్ బుక్ చేసిన వారానికి టీవీలో ‘పైలట్లు నిద్రపోయారు’ అనే వార్త చూసింది. అప్పటినుంచి “గాళ్లే పండుకుంటే మన గతేంది బిడ్డా, క్యాన్సిల్ చెయ్” అంటోందట. తమ్ముడు అడిగినవి మూడు. పైలట్లు నిజంగా అంత అలసిపోయి నడుపుతారా? ఏ ఎయిర్‌లైన్‌ని నమ్మాలి? రాత్రి ఫ్లైట్ మానేసి పగటిది చూడాలా?

ముందు నా సంగతి చెప్తాను. నేను పైలట్‌ని కాను. మాది దేవరకొండ దగ్గర పల్లె, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. బేగంపేట ఎయిర్‌పోర్ట్ రోజుల నుంచి రిటైరయ్యేదాకా ఎయిర్‌లైన్ ఆఫీసుల్లో క్రూ రోస్టర్ పని చేశాను. ఏ పైలట్ ఏ రోజు ఏ ఫ్లైట్ నడపాలి, ఎన్నింటికి రిపోర్ట్ చేయాలి, ఏ ఊళ్లో పడుకోవాలి, మళ్లీ ఎన్ని గంటలకు లేవాలి అన్న పట్టిక రాసేవాణ్ని. పైలట్లు మా డిపార్ట్‌మెంట్‌ని ఏమని పిలిచేవారో ఇక్కడ రాయలేను, ఆడవాళ్లు కూడా చదువుతారు.

మొదటి ప్రశ్నకు జవాబు: అవును, అలసిపోతారు. లేదనేవాడు ఎయిర్‌లైన్ పీఆర్‌వో అయి ఉంటాడు. అయితే మీ అమ్మ ఊహించుకుంటున్న అలసట ఒకటి, నేను చూసిన అలసట ఇంకొకటి.

మీ అమ్మ ఊహలో పైలట్ తల వాల్చగానే విమానం పడిపోతుంది, లారీ డ్రైవర్ కన్ను మూస్తే లారీ రోడ్డు దిగిపోయినట్టు. అట్లా జరగదు. పైకి వెళ్లాక విమానాన్ని పట్టుకుని ఉండేది ఆటోపైలట్. ఎత్తు, దారి, వేగం అన్నీ ముందే దానికి ఎక్కించి ఉంటాయి. 2024 జనవరి 25న ఇండోనేషియాలో బాతిక్ ఎయిర్ విమానం ఒకటి కెండారి నుంచి జకార్తాకు వస్తోంది. లోపల 153 మంది ప్రయాణికులు. కెప్టెన్ కాసేపు పడుకుంటానని కో-పైలట్‌కి అప్పగించాడు. కో-పైలట్ ఇంట్లో నెల వయసున్న కవల పిల్లలు, రాత్రిళ్లు నిద్ర లేదు. అతనికీ కునుకు పట్టింది. 28 నిమిషాలు ఇద్దరూ నిద్రలోనే ఉన్నారు. కింద నుంచి కంట్రోల్ వాళ్లు పిలిస్తే జవాబు లేదు. కెప్టెన్ లేచి చూసేసరికి విమానం దారి కొంచెం తప్పింది కానీ తన ఎత్తులో తాను పోతూనే ఉంది. క్షేమంగా దిగారు. మీ అమ్మ టీవీలో చూసింది ఇదే అయ్యుంటుంది, ఆ వీడియోలు ఇప్పటికీ కొత్త వార్తలా తిరుగుతున్నాయి.

నెల పిల్లలున్న ఇంట్లో తండ్రి పరిస్థితి ఏంటో మనకు తెలియంది కాదు. మీ అక్క ఇంట్లో రేపు జరగబోయేది కూడా అదే.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. ఒక కెప్టెన్, మంచి మనిషి, పేరు అడగొద్దు. వరసగా నాలుగో రోజు తెల్లవారుజాము డ్యూటీకి వచ్చాడు. ఆరింటి ఫ్లైట్ అంటే ఐదింటికి రిపోర్టింగ్, అంటే మూడింటికి లేవాలి. మా కౌంటర్ దగ్గర సంతకం పెట్టి తేదీ వేశాడు. నిన్నటి తేదీ. “సర్, డేట్” అన్నాను. నవ్వి కొట్టేసి మళ్లీ రాశాడు. మళ్లీ నిన్నటి తేదీనే. ఈసారి ఆయన గమనించలేదు, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితం నా చేతిలోనే ఉంది. నేనేమీ అనలేదు. ఎందుకంటే ఆ పట్టిక రాసింది నేనే, అందులో ప్రతి అంకె రూల్ ప్రకారమే ఉంది. ఫ్లైట్ వెళ్లింది, నాలుగు సెక్టార్లు, అంటే నాలుగుసార్లు లేచి నాలుగుసార్లు దిగి, వచ్చింది. ఏమీ జరగలేదు. కానీ సాయంత్రం ఆయన పేరు బోర్డు మీద ‘ల్యాండెడ్’ అని పడేదాకా నేను టీ కూడా సరిగ్గా తాగలేదు.

అలసట అంటే అది. గురక కాదు. చేతులు, కాళ్లు, మాట అన్నీ మామూలుగానే ఉంటాయి. బుర్రలో ఒక్క పన్ను విరిగిన గేర్ లాగా ఎక్కడో ఒకచోట జారుతుంది. జారిందని ఆ మనిషికి తెలియదు.

మీ నాన్న వయసువాళ్లకు ఇది అర్థమయ్యేలా చెప్పడం తేలిక. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ వచ్చింది కానీ, అంతకుముందు మన దగ్గర ఉన్నది రాత్రి కరెంట్. ఒంటి గంటకో రెండింటికో లేచి, బ్యాటరీ లైట్ పట్టుకుని బాయికాడికి పోయి మోటర్ వేయాలి. స్టార్టర్ దగ్గర నిలబడ్డ మనిషి మేలుకునే ఉంటాడు, పక్క చేనోడితో మాట్లాడతాడు కూడా. కానీ వాల్వ్ తిప్పాడో లేదో గుర్తుండదు. మళ్లీ వెనక్కి పోయి చూసుకుంటాడు. మా నాన్న ఒకసారి ఒకే మడికి రెండుసార్లు నీళ్లు పెట్టి పక్క మడిని ఎండబెట్టాడు. పొద్దున చూసి “ఎవడ్రా ఇట్ల చేసింది” అని మమ్మల్నే తిట్టాడు. మేం ఇంట్లో పడుకుని ఉన్నాం.

డాక్టర్లు చెప్పేది కూడా ఇదే. రాత్రి 2 నుంచి 6 వరకు ఒంట్లో వేడి తగ్గుతుంది, బుర్ర అన్నిటికంటే మందంగా పనిచేసే టైమ్ అది. ముందురోజు బాగా పడుకున్నవాడికి కూడా అంతే, పడుకోనివాడికి ఇంకా ఎక్కువ. 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి ఉంది. పదిహేడు గంటలు వరసగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకి సమానంగా పడిపోతుందని అందులో తేల్చారు. మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ కేసు పెట్టే హద్దు 0.03 శాతం. అంటే పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదింటికి బండి తోలేవాడు చుక్క తాగకుండానే ఆ హద్దు దాటి ఉంటాడు. పైలట్లకు డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్ పెడతారు, గొట్టంలో ఊదితే అంకె వస్తుంది. నిద్రకు అలాంటి గొట్టం లేదు. నిద్ర చాలిందో లేదో చెప్పగలిగింది ఆ పైలట్ ఒక్కడే, అది కూడా సగం సగమే చెప్పగలడు.

మన దేశంలో ఈ విషయం గురించి మాట్లాడితే మంగళూరు రాక తప్పదు. 2010 మే 22. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812, దుబాయ్ నుంచి రాత్రంతా ఎగిరి తెల్లారి ఆరింటికి మంగళూరులో దిగుతోంది. లోపల 166 మంది, చాలావరకు గల్ఫ్‌లో పనిచేసుకునేవాళ్లు. కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో దాదాపు గంటా నలభై నిమిషాల పాటు ఇద్దరి మధ్య మాటే లేదు, కెప్టెన్ గురక వినపడింది. లేచేసరికి దిగే టైమ్ దగ్గరపడింది. విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉంది. గబగబా దించారు. రన్‌వే పొడవు 8,033 అడుగులు, విమానం నేలను తాకింది 5,200 అడుగులు దాటాక. గుట్ట మీద కోసిన రన్‌వే, చివర లోయ. కో-పైలట్ మూడుసార్లు ‘గో అరౌండ్’ అన్నాడు, అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని. కెప్టెన్ వినలేదు. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు.

చాలామంది దీన్ని ‘పైలట్ నిద్రపోయాడు కాబట్టి’ అని ఒక్క ముక్కలో తేలుస్తారు. నేను అట్లా చూడను. గంటన్నర దాటి గాఢంగా పడుకుని లేచిన మనిషి లేవగానే మామూలు మనిషి కాడు. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు పడుకుని లేచినప్పుడు ఇది పొద్దునా సాయంత్రమా అని తికమక పడతాం చూడండి, అది. పావుగంట, ఇరవై నిమిషాల కునుకైతే ఆ మత్తు రాదు, పైగా మేలు చేస్తుంది. నాసా పరిశోధకులు దీన్ని కాక్‌పిట్‌లోనే కొలిచి చూసి, 1994లో నివేదిక ఇచ్చారు. అందుకే చాలా దేశాల్లో, ఒక పైలట్ నడుపుతుండగా రెండోవాడు సీట్లోనే లెక్క ప్రకారం కునుకు తీయడానికి అనుమతి ఉంది, దిగే టైమ్‌కి చాలా ముందే లేవాలి. అమెరికా మాత్రం ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే కునుకు ఆగుతుందా? చెప్పకుండా వస్తుంది. చెప్పి పడుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మంగళూరులో నన్ను ఎక్కువ బాధపెట్టేది నిద్ర కంటే ఆ మూడు ‘గో అరౌండ్’లు. పక్కన ఉన్నవాడికి సంగతి అర్థమైంది. నోటితో చెప్పాడు కూడా. కానీ పెద్దాయన చేతిలోంచి కంట్రోల్ తీసుకోలేకపోయాడు. మన ఇళ్లలో పెద్దమనిషి తప్పు చేస్తుంటే “బాపూ, ఆగు” అని చెయ్యి పట్టుకునేవాళ్లు ఎంతమంది?

ఇక రూల్స్ సంగతి.  2024 జనవరిలో డీజీసీఏ, అంటే మన దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, కొత్త డ్యూటీ నిబంధనలు ఇచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటలు ఉండేది 48 చేశారు. ‘రాత్రి’ అంటే అర్ధరాత్రి నుంచి 5 వరకు అన్నది 6 వరకు పొడిగించారు. రాత్రి వేళ తగిలే డ్యూటీలో ఆరు ల్యాండింగ్‌ల దాకా చేయించే వీలుంటే దాన్ని రెండుకి దించారు. ఆరు ఎక్కడ, రెండు ఎక్కడ? రోస్టర్ రాసినవాడిగా చెప్తున్నా, ఆ ఒక్క అంకె మారితే పట్టిక మొత్తం తిరగరాయాలి, కొత్తగా పైలట్లను తీసుకోవాలి. ఎయిర్‌లైన్లు గగ్గోలు పెట్టాయి, అమలు వెనక్కి జరిగింది, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో గట్టిగా నిలబడ్డాయి. చివరికి 2025 జులై 1న కొంత, నవంబర్ 1న మిగతాది అమలులోకి వచ్చింది.

డిసెంబర్‌లో ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇండిగో సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేదు. మొదటి వారంలోనే వేల ఫ్లైట్లు రద్దు, డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా. ప్లానింగ్‌లో పొరపాటు జరిగిందని ఆ సంస్థే ఒప్పుకుంది. శంషాబాద్‌లో మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు, పెళ్లికి పోయేవాళ్లు, పరీక్షకు పోయేవాళ్లు నేల మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతుంటే నా పక్కన ఒకాయన “ఈ కొత్త రూల్ ఎవడు తెచ్చిండో గానీ జనాన్ని సంపుకతింటున్నడు” అన్నాడు. నేను ఉండబట్టలేక, “అన్నా, ఆ రూల్ నీ కోసమే, నువ్వు కూర్చునే విమానం నడిపేవాడు పడుకోవాలని తెచ్చిన రూల్” అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. దాదాపు రెండేళ్ల టైమ్ ఇచ్చినా సిద్ధం కానివాడిది తప్పా, పైలట్‌ని పడుకోనివ్వమన్న రూల్‌ది తప్పా? చివరికి జనం గోల తట్టుకోలేక ఇండిగోకు రాత్రి డ్యూటీ నిబంధనల్లో 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చారు. నాకు ఆ రోజు రద్దయిన ఫ్లైట్ల కంటే ఈ సడలింపు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

రూల్ ఎంత మంచిదైనా కాగితం మీద గంటలే లెక్కపెడుతుంది. పన్నెండు గంటల విశ్రాంతి అని నేను రాస్తాను. అందులో ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి గంట, తిండికి గంట, మళ్లీ తయారై బయల్దేరడానికి గంటన్నర. మిగిలిన దాంట్లో నిద్ర పట్టాలి. ఒకసారి మా క్రూ దిగిన హోటల్ కింద ఫంక్షన్ హాల్, మాఘమాసం పెళ్లి, రాత్రి పన్నెండున్నర దాకా బరాత్, డీజే. కెప్టెన్ 1:40కి మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. “నేను పడుకోలేదు. నాలుగున్నర ఫ్లైట్ నడపలేను.” ఆ రోజు స్టాండ్‌బైలో, అంటే అవసరమైతే పిలవడానికి సిద్ధంగా, ఒక్క పైలటే ఉన్నాడు, వాణ్ని ఇంకో ఫ్లైట్ కోసం దాచుకున్నాను. అందుకని బతిమాలాను. సర్, ఒక్క ట్రిప్పే సర్, వెళ్లి వచ్చేయండి, తర్వాత రెండు రోజులు ఆఫ్ ఇస్తాను అన్నాను. ఆయన అరవలేదు. “సరే, రిజిస్టర్ తీయ్. రాసుకో. 1:40కి నేను ఫిట్ కాదని చెప్పాను. నువ్వు వెళ్లమని ఒప్పించావు. రెండూ రాయి, నేను వస్తాను” అన్నాడు.

రిజిస్టర్ తీశాను. మొదటి లైన్ రాశాను. రెండో లైన్ రాయడానికి చెయ్యి ఆడలేదు. స్టాండ్‌బై పైలట్‌కి ఫోన్ చేశాను. ఫ్లైట్ రెండు గంటల పైన లేటు. కౌంటర్ దగ్గర ప్రయాణికులు మా పిల్లలను బూతులు తిట్టారు. మర్నాడు మా మేనేజర్ నన్ను పిలిచి ఆలస్యానికి సంజాయిషీ రాయమన్నాడు, ఆ కెప్టెన్‌ని ఇంకో గదిలో కూర్చోబెట్టి ‘హోటల్లో ఏసీ పనిచేస్తోంది కదా, మరి నిద్ర ఎందుకు పట్టలేదు’ అని అడిగారట. ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఆయన అలసటని ఫోన్ చేసినట్టు నాకు గుర్తులేదు. జ్వరం అని, కడుపునొప్పి అని మాత్రం చేసేవాడు.

తమ్ముడూ, నలభై ఏళ్ల దాకా ఈ రంగాన్ని చూసిన నన్ను పైలట్ల అలసటలో భయపెట్టేది ఏది అని అడిగితే ఇదే చెప్తాను. ‘నేను అలసిపోయాను’ అని చెప్పినవాడిని సంజాయిషీ అడిగే ఆఫీసు. ఆ మాట చెప్పనిచ్చే కంపెనీలో అలసట ఉంటుంది కానీ పట్టుబడుతుంది. చెప్పనివ్వని చోట కడుపునొప్పి అవుతుంది, లేదంటే తేదీ తప్పు రాసి విమానం ఎక్కుతుంది.

దీన్నిబట్టే మీ రెండో ప్రశ్న. ఏ ఎయిర్‌లైన్ అని పేరు పెట్టి నేను చెప్పను, బయట కూర్చుని ఎవరూ నిజాయితీగా చెప్పలేరు. యూట్యూబ్‌లో ‘టాప్ 10 సేఫ్ ఎయిర్‌లైన్స్’ అని చెప్పేవాడు ఎవరి రోస్టర్ చూశాడు? మీ చేతిలో ఉన్నది ఒకటే. ‘క్రూ డ్యూటీ టైమ్ అయిపోయింది, వేరే క్రూ కోసం ఆలస్యం’ అని అనౌన్స్ చేస్తే కౌంటర్ మీద పడకండి. ఆ మాట విన్నప్పుడు నాకైతే ఆ కంపెనీ మీద నమ్మకం కొంచెం పెరుగుతుంది.

పగలా రాత్రా? మీ అమ్మ ప్రయాణానికి ఇది పెద్ద తేడా కాదు. పగటి ఫ్లైట్ పైలట్ మూడింటికి లేచి వచ్చి ఉండొచ్చు, రాత్రి ఫ్లైట్ పైలట్ మధ్యాహ్నమంతా పడుకుని వచ్చి ఉండొచ్చు. దోహా దాకా నాలుగు గంటల పైచిలుకు, ఇద్దరు పైలట్లు ఉంటారు. దోహా నుంచి డల్లాస్ దాదాపు పదహారు గంటలు. దానికి సాధారణంగా నలుగురు ఎక్కుతారు, ఇద్దరు కెప్టెన్లు, ఇద్దరు కో-పైలట్లు. ప్రయాణికులకు కనపడకుండా వాళ్ల కోసం పడకలు ఉంటాయి, పరుపు, దిండు, సీట్ బెల్ట్‌తో సహా. బోయింగ్ 777 లాంటి వాటిలో అవి సీలింగ్ పైన ఉంటాయి, చిన్న నిచ్చెన మెట్లెక్కి పోవాలి. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకుంటారు, మధ్యలో మారుతారు. కాబట్టి మీ అమ్మకు మొహమాటం లేకుండా చెప్పండి: అవునమ్మా, పైలట్లు పండుకుంటరు, వంతులేసుకొని పండుకుంటరు, దానికే ఇంకో ఇద్దర్ని ఎక్కిస్తరు అని. అబద్ధం చెప్పి ఒప్పించకండి. పదహారు గంటలు ఒక్కడే నడుపుతున్నాడు అనుకోవడం వల్లే ఆమెకు ఆ భయం.

అహ్మదాబాద్ గురించి కూడా అడుగుతుంది చూడండి. 2025 జూన్ 12, మొత్తం 260 మంది పోయిన ప్రమాదం, ఆ మంటలు టీవీలో వారం రోజులు తిప్పారు. వాట్సాప్‌లో దాన్ని కూడా పైలట్ల నిద్రకు కలిపి పంపుతున్నారు. ప్రాథమిక నివేదిక మాట్లాడింది విమానం లేచిన క్షణాల్లోనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఆగిపోయే స్థానానికి వెళ్లడం గురించి. పైలట్లిద్దరూ ముందురోజే అహ్మదాబాద్ చేరారని, వాళ్లకు తగినంత విశ్రాంతి దొరికిందని అదే నివేదికలో ఉంది. మన జిల్లాలో ఇంకొకటి ఉంది. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలంలో సాగర్ నుంచి లేచిన ట్రైనింగ్ విమానం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయింది. పాపం చిన్న పిల్ల. ఆ చుట్టుపక్కల విమానం అనగానే ఇప్పటికీ అదే తలుచుకుంటారు. అది రెండు సీట్లు, ఒకే ఇంజిన్ ఉన్న బుల్లి సెస్నా. మీ అమ్మ ఎక్కేదానికీ దానికీ పోలిక, ఆర్టీసీ బస్సుకీ లూనాకీ ఉన్నంత.

ఇంకో మాట, ఇది నా ఊహే. అమ్మ భయం మొత్తం విమానం మీదేనా? నకిరేకల్ దాటి ఒక్కతే పోవడం, దోహాలో భాష రాకపోవడం, ఇమిగ్రేషన్‌లో ఏమడుగుతారో, బిడ్డకు పురుడు ఎట్లా పోయాలో, ఇక్కడ మీ నాన్నకు వండిపెట్టేదెవరో, వీటన్నిటినీ కలిపి చెప్పుకోవడానికి పైలట్ దొరికి ఉంటాడు. మా ఆవిడ మొదటిసారి మా చిన్నోడి దగ్గరికి పోయినప్పుడు వారం రోజులు తుఫాను గురించి మాట్లాడింది. మండు వేసవి, తుఫాను ఎక్కడిది? తర్వాత తెలిసింది, ఆమె భయం టాయిలెట్ తలుపు ఎట్లా తీయాలో అని. మడత తలుపు, మధ్యలో నొక్కాలి. ఫోన్‌లో వీడియో చూపిస్తే సగం టెన్షన్ పోయింది. మీరూ అమ్మకు అవన్నీ చూపించండి. ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పి దోహాలో గేట్ దాకా తీసుకెళ్లే సహాయం పెట్టించండి. రెక్కల దగ్గర సీటు అడగండి, కుదుపు తక్కువ తెలుస్తుంది. కుదుపు వచ్చినప్పుడు గుంతల రోడ్డు మీద బండి ఎగిరినట్టే అని చెప్పండి, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి రోడ్డు పాత రోజుల్లో ఎట్లుండేదో ఆమెకు తెలుసు.

ఇప్పుడు మీరు అడగని విషయం. 3:40 ఫ్లైట్ అంటే పన్నెండున్నరకల్లా శంషాబాద్‌లో ఉండాలి. నకిరేకల్ నుంచి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు, వంద కిలోమీటర్లు దాటుతుంది. మన దగ్గర అమెరికా పోయే మనిషిని ఒక్కరు దింపిరారు. పిన్ని, బాబాయి, ఇద్దరు పిల్లలు, పక్కింటి అక్క, మొత్తం ఎర్టిగా నిండా వస్తారు. అమ్మ లోపలికి పోయాక గాజు తలుపు దగ్గర ఏడుపులు, ఫొటోలు, సెక్యూరిటీ అయిపోయిందని ఫోన్ వచ్చేదాకా ఎదురుచూపులు. వెనక్కి బయల్దేరేసరికి రెండున్నర. ఇందాక నేను చెప్పిన 2 నుంచి 6 అదే. డ్రైవర్ ఎవరు? పొద్దున స్కూల్ పిల్లల ట్రిప్ కొట్టి, మధ్యాహ్నం సూర్యాపేట పెళ్లికి పోయొచ్చి, రాత్రి మీ బండి ఎక్కినవాడు. పద్దెనిమిది, ఇరవై గంటల నుంచి మేలుకుని ఉంటాడు. వెనక సీట్లో అందరూ పడుకుంటారు. ముందు సీట్లో ఉన్నవాళ్లు కూడా చౌటుప్పల్ రాకముందే పడుకుంటారు.

పాలమూరు వైపు పాలెం దగ్గర 2013 అక్టోబర్ 30న బస్సు తగలబడి 45 మంది పోయింది తెల్లవారుజామున. కర్నూలు దగ్గర 2025 అక్టోబర్‌లో బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయింది రాత్రి మూడు గంటల ప్రాంతంలో. వాటి కారణాలు వేరు, వాటిని నిద్రకు అంటగట్టడం లేదు. కానీ ఆ గంటల్లో రోడ్డు మీద ఉండటమంటే ఏంటో రాత్రి షిఫ్ట్ చేసిన ప్రతి హైవే పోలీసుకీ, అంబులెన్స్ డ్రైవర్‌కీ తెలుసు. నేను రోస్టర్ రాసిన ఇన్నేళ్లలో ఏ పైలట్‌నీ ఆ స్థితిలో, ఆ టైమ్‌లో, పక్కన ఇంకో పైలట్ లేకుండా ఒంటరిగా పంపలేదు. మీ అమ్మ ఎక్కే డల్లాస్ విమానంలో నలుగురు ఉంటారు. మీరు ఇంటికి తిరిగొచ్చే ఎర్టిగాకు ఒక్కడే.

అందుకని నేను ఉన్నంత మర్యాదగా చెప్తున్నా. బండి మాట్లాడేటప్పుడు కిలోమీటరుకి ఎంత అని అడిగే ముందు, “తమ్మీ, రేపు మధ్యాహ్నం ఇంట్ల పండుకుంటవా, ట్రిప్పులున్నయా?” అని అడగండి. ట్రిప్పులున్నాయంటే వేరేవాడిని చూడండి, లేదా ఆ మధ్యాహ్నానికి కూడా కిరాయి ఇచ్చి పడుకోమనండి. పోయేవాళ్లను ఇద్దరికి తగ్గించండి. అమ్మ లోపలికి పోయాక శంషాబాద్‌లోనే ఎక్కడైనా నాలుగైదు గంటలు ఆగి, తెల్లారి ఏడింటికి టిఫిన్ చేసి బయల్దేరండి. అంతదాకా ఆగలేమంటే, ముందు సీట్లో ఒకరు మేలుకుని డ్రైవర్‌తో మాట్లాడుతూ ఉండాలి. అతను ఒక్కసారి కిటికీ అద్దం దించి మొహానికి గాలి తగిలించుకున్నా, తల విదిలించినా, పాట సౌండ్ పెంచినా, చిట్యాలలోనే ఆపించండి. టీ ఇప్పించి పంపించకండి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి, లేచాక పది నిమిషాలు నడిపించండి. ఆయన ‘ఏం గాదన్నా, నాకలవాటే’ అంటాడు. తేదీ రెండోసారి తప్పు రాసిన కెప్టెన్‌ని ఆ రోజు ఆపి అడిగి ఉంటే, ఆయన కూడా నాతో అదే అనేవాడు.